వాల్వు రేడియోకు రెండో గొంతు

విద్యుత్ గిటార్‌కు తోడుండే ఆంప్లిఫయర్ రేడియో సాంకేతికత నుంచి పుట్టిన వస్తువు. 1938లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఫుల్లర్టన్ పట్టణంలో రేడియోలు బాగుచేసే దుకాణం తెరిచిన లియో ఫెండర్, స్థానిక వాద్యకారుల పరికరాలను కూడా సరిచేస్తూ వచ్చి, 1940ల మధ్య నాటికి రేడియోల్లో వాడే వాల్వులతోనే, రేడియోల్లో వాడే పద్ధతిలోనే గిటార్ ఆంప్లిఫయర్లు తయారుచేయసాగారు. బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని స్పీకర్ కదిలేంత బలంగా పెంచే సాధనమే ఆంప్లిఫయర్. ప్రతి రేడియోలోనూ చివరి సగం అదే. కాబట్టి పాత వాల్వు రేడియోను గిటార్ ఆంప్లిఫయర్‌గా మార్చే పనిని నేటి తరం కనిపెట్టిన వింత సరదాగా చూడటం సరికాదు. తల్లిని బిడ్డ ఇంటికి చేర్చడం వంటి పని అది. ఈ సంబంధాన్ని పరిశీలించడానికి పుదుచ్చేరి పట్టణం తగిన చోటు. రేడియో వార్తకు అసాధారణమైన విలువ ఉన్న చరిత్ర ఆ పట్టణానికి ఉంది. పాశ్చాత్య వాద్యాలకు చర్చిల్లోనూ వీధుల్లోనూ చోటిచ్చిన సంస్కృతి ఉంది. పాత గూటిని పడగొట్టకుండా కొత్త అవసరానికి మలచుకునే అలవాటు కూడా ఉంది.

దక్షిణ భారతంలో రేడియో ప్రసారాలకు తొలి అడుగు మద్రాసులో పడింది. సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో 1924లో ఏర్పడిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ఆ ఏడాది జూలై 31న ప్రసారాలు మొదలుపెట్టి, డబ్బు చాలక 1927లో ఆగిపోగా, 1930 ఏప్రిల్ నుంచి మద్రాసు కార్పొరేషన్ ఆ బాధ్యత తలకెత్తుకుంది. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, తిరుచిరాపల్లి కేంద్రం 1939 మే 16న ప్రారంభమయ్యాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చేవరకు కోస్తా తెలుగువారికి కూడా మద్రాసు కేంద్రమే దిక్కు. మద్రాసుకు దక్షిణాన సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, తిరుచ్చికి ఈశాన్యంగా సముద్రం ఒడ్డున ఉన్న పాండిచ్చేరి (నేటి పుదుచ్చేరి) అప్పటికి ఫ్రెంచివారి పాలనలో ఉంది. మద్రాసు కేంద్రం తర్వాత ఈ పట్టణానికి సొంత ఆకాశవాణి కేంద్రం రావడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. అంతవరకు అక్కడి రేడియోలు పొరుగు ప్రభుత్వపు కేంద్రాలనో, సముద్రాలకు ఆవలి కేంద్రాలనో వినవలసి వచ్చేది.

ఈ పరిస్థితిలో షార్ట్‌వేవ్‌కు ప్రాముఖ్యం ఏర్పడింది. మీడియంవేవ్ తరంగాలు పగటిపూట నేలను అంటిపెట్టుకుని కొంత దూరమే పోగా, షార్ట్‌వేవ్ తరంగాలు భూమికి పైన ఉండే అయనావరణం అనే విద్యుదావేశపు పొరను తాకి మళ్లీ కిందికి వంగి వేల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. లండన్ మాట బంగాళాఖాతం ఒడ్డున వినిపించడానికి కారణం ఇదే. 1940 జూన్‌లో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయినప్పుడు, జనరల్ డిగాల్ పోరాటం కొనసాగించాలంటూ ఫ్రెంచివారికి పిలుపునిచ్చింది బి.బి.సి. రేడియో నుంచే. ఆ ఏడాది సెప్టెంబరులో గవర్నర్ లూయీ బోన్వాఁ ఫ్రెంచి ఇండియాను డిగాల్ పక్షాన నిలబెట్టారు. మాతృదేశం శత్రువు చేతిలో ఉండగా, ఏ ప్రభుత్వం తమదో తేల్చుకోవలసిన వలస పట్టణానికి రేడియో ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర లేదు.

పుదుచ్చేరి రేడియో చరిత్రలో అన్నిటికంటే స్పష్టంగా నిలిచిన ఘట్టం 1942 నాటిది. 1910 ఏప్రిల్ నుంచి ఆ పట్టణంలో నివసిస్తున్న శ్రీ అరవిందులు అప్పటికి చాలా ఏళ్లుగా ఏకాంతవాసంలో ఉన్నా, యుద్ధవార్తలను రేడియో ద్వారా శ్రద్ధగా అనుసరించేవారు. బ్రిటిష్ ప్రభుత్వ ప్రతిపాదనలతో వచ్చిన సర్ స్టాఫర్డ్ క్రిప్స్ మార్చి 30న చేసిన రేడియో ప్రసంగాన్ని విని, ఆ ప్రతిపాదనలను సమర్థిస్తూ మర్నాడే ఆయనకు సందేశం పంపారు. రాజకీయాల నుంచి తప్పుకుని మూడు దశాబ్దాలు దాటిన వ్యక్తిని ఒక్కరోజులో మళ్లీ మాట్లాడేట్టు చేసింది ఒక ప్రసంగమైతే, ఆ ప్రసంగాన్ని గోడల లోపలికి చేర్చింది రేడియో. ఐదేళ్ల తర్వాత, 1947 ఆగస్టు 14న, స్వాతంత్ర్య సందర్భంగా ఆయన ఇచ్చిన సందేశాన్ని ఆకాశవాణి తిరుచిరాపల్లి కేంద్రం ప్రసారం చేసింది. సందేశం ఇచ్చిన మనిషి ఫ్రెంచి నేల మీద, ప్రసారం చేసిన కేంద్రం భారత నేల మీద ఉన్న ఆ రాత్రిని గుర్తుచేసుకుంటే, సరిహద్దులు రేడియోకు పట్టవన్న మాట ఎంత నిజమో అర్థమవుతుంది. పుదుచ్చేరి పాలన 1954 నవంబరు 1న భారతదేశం చేతికి వచ్చింది. విలీనం 1962 ఆగస్టు 16న చట్టబద్ధమైంది. పట్టణంలో ఆకాశవాణి కేంద్రం 1967 సెప్టెంబరు 23న వెలిసింది.

ఈ కాలమంతా ఇళ్లలో ఉన్నవి వాల్వు రేడియోలే. గాలి తీసివేసిన గాజు గొట్టంలో ఒక తీగను వేడిచేస్తే, దానిని చుట్టుకున్న కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు వెలువడి ఆనోడ్ అనే రేకువైపు పరుగెత్తుతాయి. మధ్యలో గ్రిడ్ అనే సన్నని జల్లెడను ఉంచి, దానిమీద చిన్న వోల్టేజి మార్పు కలిగిస్తే, ఆ పెద్ద ప్రవాహమంతా ఆ మార్పుకు లోబడి హెచ్చుతగ్గులవుతుంది. రెండు భాగాల డయోడ్‌ను 1904లో ఆంబ్రోస్ ఫ్లెమింగ్, గ్రిడ్ చేర్చిన ట్రయోడ్‌ను 1906లో లీ డి ఫారెస్ట్ రూపొందించారు. మన మెకానిక్కులు బ్రిటిష్ అలవాటు చొప్పున దీన్ని వాల్వు అన్నారు, అమెరికావారు ట్యూబు అన్నారు, వస్తువు ఒకటే. మర్ఫీ, ఫిలిప్స్, బుష్, జి.ఇ.సి., హెచ్.ఎం.వి., నేషనల్ ఎకో వంటి పేర్లతో వచ్చిన ఆ సెట్లు పోస్టాఫీసు లైసెన్సు పుస్తకంతో సహా ఇంట్లో అడుగుపెట్టేవి. గుడ్డ అల్లిక మీద చేయి వేస్తే వెచ్చగా తగిలేవి. స్విచ్ వేసిన తర్వాత అర నిమిషం దాకా నోరు విప్పేవి కావు. ఆకాశవాణి 1952 తర్వాత సినిమా పాటలకు దాదాపుగా తలుపు మూసి, 1957 అక్టోబరులో వివిధ్ భారతి మొదలయ్యేదాకా తెరవకపోవడంతో, శ్రోతలు ముల్లును షార్ట్‌వేవ్ మీదికి జరిపి రేడియో సిలోన్ పట్టుకున్నారు. ఆ కేంద్రంలో మీనాక్షి పొన్నుదురై వేసిన తెలుగు పాటల కోసం మధ్యాహ్నం పనులు ముందుగా ముగించుకున్న తెలుగు ఇళ్లు ఎన్నో.

అలాంటి సెట్టు వెనక అట్ట విప్పి చూస్తే పని విభజన కంటికి కనిపిస్తుంది. అమెరికా పద్ధతి ఐదు వాల్వుల సెట్టునే ఉదాహరణగా తీసుకుంటే, 6ఎస్ఎ7 అనే వాల్వు గాలిలోంచి పట్టిన కేంద్రపు తరంగాన్ని 455 కిలోహెర్ట్జ్ ప్రాంతంలోని ఒకే మధ్యస్థ పౌనఃపున్యానికి మారుస్తుంది. 6ఎస్‌కె7 దాన్ని పెంచుతుంది. 6ఎస్‌క్యూ7 అందులోంచి మాటనూ పాటనూ విడదీసి, తొలివిడతగా పెంచుతుంది. 6వి6 దాన్ని స్పీకర్‌ను కదిలించే శక్తిగా మారుస్తుంది. 5వై3 ఇంట్లోకి వచ్చే ఏ.సి. కరెంటును వాల్వులకు కావలసిన డి.సి.గా మార్చి అందరికీ అన్నం పెడుతుంది. ఫెండర్ సంస్థ 1950లలో అమ్మిన చాంప్ అనే చిన్న గిటార్ ఆంప్లిఫయర్‌ను దీని పక్కన పెడితే, అందులో ఉన్నవి మూడే వాల్వులు: ఒక 12ఎఎక్స్7, ఒక 6వి6, ఒక 5వై3. చివరి రెండూ రేడియోలో ఉన్నవే. ఐరోపా పద్ధతి సెట్లలోనూ ఇదే పోలిక. 1950ల తొలినాళ్లలో ఫిలిప్స్ సంస్థ రేడియోల చివరి మెట్టు కోసం తెచ్చిన ఇఎల్84 అనే చిన్న వాల్వు, 1958లో ఇంగ్లండ్‌లో వచ్చిన వాక్స్ ఏసీ15 ఆంప్లిఫయర్‌కు ప్రాణమై, ఆ తర్వాతి పాప్ సంగీతపు గిటార్ ధ్వనికి రూపమిచ్చింది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారుచేసింది. ఆ సంస్థ ముద్రతో వచ్చిన ఇఎల్84, ఇసిసి83 వాల్వులను ఈనాడు విదేశీ గిటార్ ప్రియులు కూడా వెతికి కొంటున్నారన్నది మన పారిశ్రామిక చరిత్రలో ఎవరూ పెద్దగా చెప్పుకోని గర్వకారణం.

వాల్వు రేడియో పతనం చాలా వేగంగా జరిగింది. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టర్, 1960లలో భారతీయుల చేతికి జేబు రేడియోగా వచ్చింది. కరెంటు లేని పల్లెలో, పొలం గట్టున, పడవలో పలికే ఆ చిన్న పెట్టె ముందు వేడెక్కే గాజు వాల్వులు నిలవలేదు. 1975 ఆగస్టు 15న మద్రాసులో దూరదర్శన్ మొదలయ్యాక ముందుగదిలో గౌరవస్థానం టెలివిజన్‌ది అయింది. పుదుచ్చేరి వంటి సముద్రతీర పట్టణంలో వాడుక తప్పిన సెట్టుకు మరో శత్రువు గాలిలోనే ఉంది. ఉప్పుతేమకు ఛాసిస్, అంటే భాగాలన్నీ బిగించే ఇనుప పళ్లెం, తుప్పు పడుతుంది. వాల్వు గూళ్ల పిన్నులు పచ్చబారతాయి. ప్లైవుడ్ పొరలు విడిపోతాయి. డయల్ దారం తెగి ముల్లు ఒకచోట నిలిచిపోతుంది. ఆదివారాల్లో మహాత్మాగాంధీ రోడ్డు వెంట సాగే సండే మార్కెట్ వంటి చోట్ల, పాత వస్తువుల దుకాణాల్లో ఇలాంటి సెట్లకు మిగిలిన విలువ చాలావరకు పెట్టె అందానిదే. లోపలి ఇనుమును తూకానికి పోసి, పెట్టెను అలంకారంగా నిలబెట్టే పద్ధతి కంటే, ఆ ఇనుములోనే ప్రాణం ఉందని గుర్తించే పద్ధతి మేలైనది.

మరోవైపు గిటార్ కూడా ఈ నేలకు దారి వెతుక్కుంటూ వచ్చింది. ఎలక్ట్రిక్ గిటార్ 1930ల మొదట్లో జార్జ్ బీచాంప్, అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్‌ల చేతుల్లో అమ్మకపు వస్తువుగా రూపుదిద్దుకుంది. తీగల కింద అయస్కాంతం మీద చుట్టిన సన్నని రాగి తీగచుట్టను, అంటే పికప్‌ను ఉంచి, ఉక్కు తీగ కంపనాన్ని నేరుగా విద్యుత్తుగా మార్చడం దీని కిటుకు. మన దేశంలో 1950లలో వాన్ షిప్లీ హిందీ సినిమా బాణీలను ఎలక్ట్రిక్ గిటార్ మీద వాయించి ఇచ్చిన రికార్డులు ఈ ధ్వనిని సామాన్య శ్రోతకు పరిచయం చేశాయి. తమిళ, తెలుగు సినిమా సంగీతానికి కేంద్రమైన మద్రాసులో గిటార్ స్టూడియో వాద్యంగా స్థిరపడింది. ఇళయరాజా వంటి స్వరకర్త కూడా తొలిరోజుల్లో అక్కడి స్టూడియోల్లో గిటార్ వాయించారు. పుదుచ్చేరికి వస్తే, క్రైస్తవ ప్రార్థన సంగీతం, 1889 నుంచి ఉన్న అలియాన్స్ ఫ్రాన్సేజ్, 1968 ఫిబ్రవరి 28న పట్టణానికి ఉత్తరంగా మొదలైన ఆరోవిల్ ఈ వాద్యానికి మూడు ఆసరాలయ్యాయి. ఫ్రాన్స్‌లో 1982లో ఆరంభమై ఏటా జూన్ 21న జరిగే ఫెత్ ద లా మ్యూజిక్ అనే సంగీతోత్సవం పుదుచ్చేరిలోనూ జరుగుతుంది. ఎవరైనా వాద్యం పట్టుకుని వీధిలో నిలబడి వినిపించవచ్చునన్నది దాని సంప్రదాయం.

రేడియోను గిటార్‌కు అనువుగా మార్చే పనిలో మొదటి మెట్టు రేడియో తయారీదారులే వేసి ఉంచారు. సెట్టు వెనక అట్ట మీద గ్రామఫోన్ గుర్తుతో రెండు చిన్న రంధ్రాలుంటాయి. గ్రామఫోన్ పళ్లెం నుంచి వచ్చే తీగలను అక్కడ గుచ్చితే, కేంద్రాలను పట్టే సగాన్ని పక్కనపెట్టి రేడియో వట్టి ఆంప్లిఫయర్‌గా పనిచేస్తుంది. గిటార్ తీగను కూడా అక్కడే గుచ్చవచ్చు కాని ధ్వని నీరసంగా వస్తుంది. క్రిస్టల్ పికప్ ఉన్న గ్రామఫోన్ నుంచి వోల్టుకు దగ్గరగా సంకేతం వస్తుండగా, గిటార్ నుంచి వచ్చేది సుమారు అందులో పదో వంతే కావడం దీనికి కారణం. కొరత ఒక్క మెట్టు బలానిది. ఆ మెట్టును కట్టడానికి కావలసిన చోటు, వేడి, విద్యుత్తు కేంద్రాలను పట్టే సగం నుంచే దొరుకుతాయి. 6ఎస్ఎ7, 6ఎస్‌కె7 వాల్వులను, వాటి చుట్టూ ఉన్న తీగచుట్టల డబ్బాలను తప్పించి, ఖాళీ అయిన ఎనిమిది పిన్నుల గూటిలో 6ఎస్ఎల్7 అనే జంట ట్రయోడ్‌ను, గూటి తీగలన్నీ మార్చి, కూర్చోబెడతారు. గిటార్ తీగ లోపలికి వచ్చే చోట 68 కిలోఓమ్‌ల రెసిస్టెన్స్, భూమికి 1 మెగాఓమ్, ఆనోడ్‌కు 100 కిలోఓమ్, కాథోడ్‌కు 1.5 కిలోఓమ్: ఈ అంకెలు ఫెండర్ కాలం నుంచి దాదాపు మారకుండా వస్తున్న వంట కొలతలు.

అంతకంటే ముందు జరగవలసిన పని ఒకటి ఉంది. పాత సెట్లలోని మైనపు కాగితపు కండెన్సర్లు, అంటే ఏ.సి. సంకేతాన్ని మాత్రం పోనిచ్చి డి.సి.ని ఆపవలసిన భాగాలు, వయసు మీద పడి ఆ ఆపే గుణాన్ని పోగొట్టుకుని ఉంటాయి. చివరి వాల్వు గ్రిడ్‌కు ముందున్న కండెన్సర్ కారడం మొదలైతే వాల్వు లోపలి రేకు ఎర్రగా కాలి, వాల్వుతోపాటు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. వాల్వుకు కావలసిన కొన్ని వేల ఓమ్‌ల భారాన్ని స్పీకర్‌కు ఉండే నాలుగైదు ఓమ్‌లకు జతకలిపే ఆ ట్రాన్స్‌ఫార్మరే సెట్టులో మళ్లీ దొరకని భాగం. కాబట్టి కాగితపు కండెన్సర్లన్నీ తీసి పాలియెస్టర్‌వి వేయడం, ఎండిపోయిన ఫిల్టర్ కండెన్సర్లను మార్చడం మరమ్మతులో తొలి ధర్మం. 1930ల సెట్లలో స్పీకర్‌కు శాశ్వత అయస్కాంతం బదులు విద్యుదయస్కాంతం ఉండి, అదే కరెంటును శుభ్రపరిచే చోక్‌గానూ పనిచేస్తుంది. దాన్ని తీసి కొత్త స్పీకర్ పెట్టినవారు దాని స్థానంలో చోక్ కూడా వేయకపోతే సెట్టు నోరు మెదపదు.

ప్రాణాంతకమైన విషయాన్ని ఇక్కడే గట్టిగా చెప్పాలి. ఏ.సి./డి.సి. సెట్లు అనే రకంలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఒకప్పుడు కొన్ని పట్టణాల్లో డి.సి. సరఫరా ఉండేది కాబట్టి, రెండింటి మీదా పనిచేసేలా వాల్వుల తీగలన్నీ వరుసగా కలిపి నేరుగా ఇంటి కరెంటుకు తగిలించేవారు. యుసిహెచ్81, యుసిఎల్82, యువై85 వంటి యు అక్షరపు వాల్వులు కనిపిస్తే సెట్టు ఆ జాతిదని తెలుసుకోవాలి. అందులో ఛాసిస్సే కరెంటు తీగతో కలిసి ఉంటుంది. గిటార్ ఉక్కు తీగలు పికప్ తీగ ద్వారా ఛాసిస్‌కు కలుస్తాయి కాబట్టి, ప్లగ్గు తిరగబడితే వాద్యకారుడి వేళ్ల కింద 230 వోల్టులుంటాయి. చెక్కపెట్టె, బేకలైట్ మీటలు శ్రోతను కాపాడేవి. గిటార్ వాయించేవాడికి ఆ రక్ష లేదు. అటువంటి సెట్టును, ఇంటి కరెంటు నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా, గిటార్ దగ్గరికి రానివ్వకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టుకైనా మూడు పిన్నుల ప్లగ్గు వేసి ఛాసిస్‌ను ఎర్త్ చేయాలి. స్విచ్ తీసిన తర్వాత కూడా కండెన్సర్లలో 250 వోల్టులకు పైగా నిలవ ఉండగలదు కాబట్టి, వాటిని రెసిస్టెన్స్ ద్వారా ఖాళీచేశాకే చేయి పెట్టాలి.

ఇంత శ్రమ తర్వాత దక్కేది నాలుగైదు వాట్ల శక్తి మాత్రమే. వేదికకు అది చాలదు. ఇంటికి, చిన్న హాలుకు చాలు. అయితే వాల్వు గొప్పదనం దాని పరిమితిలోనే ఉంది. సంకేతం మోయగలిగిన హద్దు దాటినప్పుడు ట్రాన్సిస్టర్ తరంగపు తలను కత్తితో నరికినట్టు తెంచుతుంది, ఒక్క 6వి6 ఉన్న సెట్టు ఆ తలను నెమ్మదిగా ఒంచి, మూల స్వరానికి ఒక స్థాయి పైనున్న స్వరాన్ని కొద్దిగా కలుపుతుంది. మెల్లగా మీటితే నిర్మలంగా, గట్టిగా మీటితే గరగరలాడుతూ పలికే ఆ స్పందన వాద్యకారుడి వేలికి తెలుస్తుంది. ఫెండర్, వాక్స్ పెట్టెల్లో ప్రపంచం మెచ్చిన గుణం ఇదే. వార్తలు చదివిన పెట్టెలోనూ అది మొదటినుంచి దాగి ఉంది.

పట్టణం విషయానికి మళ్లీ వస్తే, పుదుచ్చేరిలో పాత భవనాల సంరక్షణకు ఇన్‌టాక్ సంస్థ చేసిన కృషి ఈ పనికి మంచి పోలిక. కాల్వే సుబ్రాయ చెట్టియార్ వీధి, అంటే వైశ్యాళ్ వీధిలో ఇళ్ల పాత ముఖరూపాన్ని నిలబెట్టి, మిగతాది నేటి నివాసానికి పనికివచ్చేలా చేసిన తీరుకు 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది. రేడియోకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. అన్ని బ్యాండ్లూ పలుకుతూ, డయల్ గాజు, కేంద్రం సరిగా పట్టిందో లేదో వెలుగుతో చూపే మ్యాజిక్ ఐ చెక్కుచెదరని సెట్టును గిటార్ కోసం విప్పడం తప్పు. దాన్ని రేడియోగానే బాగుచేయించాలి. తీగచుట్టలు కాలిపోయి, బ్యాండ్ స్విచ్ విరిగి, చివరి సగం మాత్రం బతికి ఉన్న సెట్టే ఈ మార్పుకు తగినది. అలా మార్చేవారు పెట్టెకు కొత్త రంధ్రం పెట్టకుండా పాత గ్రామఫోన్ రంధ్రాల చోటునే గిటార్ జాక్‌కు వాడుకుని, తీసిన వాల్వులనూ డబ్బాలనూ సంచిలో కట్టి పెట్టె అడుగునే ఉంచి, చేసిన మార్పుల పటాన్ని తేదీతో సహా వెనక అట్ట లోపలివైపు అంటించాలి.